రాణీగారు చూడవచ్చిన మగ్గం

"పిల్లకి పాలిచ్చి తొందరగా రా. వరస ఆగిపోయింది" అన్నారు మా ఆయన.

అప్పటికి పాప నోటికి రొమ్ము అందించి కాసేపైనా కాలేదు. వంటింటి గుమ్మంలో కూర్చుని, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేతికి అంటుకున్న ఉన్ని నూగు చీరకి తుడుచుకుంటున్నాను. ఆ నూగు ఎంత తుడిచినా పోదు. అన్నంలో తేలుతుంది, పక్కబట్టల మీద ఉంటుంది, పిల్ల ముక్కులోకి పోతుంది. పాలు తాగుతూ తాగుతూ అది తుమ్మి, తల పక్కకి తిప్పి, మళ్ళీ వెతుక్కుంది. "వస్తున్నానండీ" అన్నాను. ఆ మాట నేనెప్పుడూ అనేదే. పొయ్యి మీద ఎసరు మరుగుతున్నా వస్తున్నానండీ, ఒంట్లో బాగోకపోయినా వస్తున్నానండీ. నేను ఎక్కణ్ణుంచి వస్తున్నానో ఆయన ఎన్నడూ అడగలేదు. మగ్గం ముందు కూర్చున్నానా లేదా అన్నదే చూసేవారు.

మాది ఏలూరులో తంగెళ్ళమూడి. మా మామగారు చిన్నతనంలో అక్కడి సాయిబుల దగ్గర తివాచీల పని నేర్చుకుని, తరవాత సొంతంగా మగ్గాలు వేసుకున్నారట. నేను కాపరానికి వచ్చేసరికే ఆయన పోయారు. మా పుట్టింటివాళ్ళది ఆకివీడు అవతల కొల్లేటి ఒడ్డు. మా నాన్న తుంగ కోసుకొచ్చి చాపలు నేసేవాడు. చాపలు నేసిన చేతులు కదా అని, పెళ్ళైన కొత్తలోనే అత్తయ్యగారు నన్ను పెద్దమగ్గం ముందు పలక మీద కూర్చోబెట్టారు. పడుగుదారానికి ఉన్నిపోగు చుట్టి, ముడి బిగించి, కత్తితో కోయడం. మళ్ళీ చుట్టడం, కోయడం. ఒక వరస పూర్తయ్యాక దువ్వెన లాంటి ఇనుపపంజాతో దాన్ని కిందికి కొట్టడం. అలా పొద్దు గుంకేదాకా పనిచేస్తే ఆ రోజు నేసింది జానెడు కూడా ఉండదు.

మా ఆయన సూర్రావుగారు మగ్గం వెనకాల నిలబడి, నమూనా కాయితం చూస్తూ రంగులు చెప్పేవారు. "ఎరుపు రెండు, నీలం ఒకటి, మళ్ళీ ఎరుపు" అని. ఆయన ఇంట్లో లేనప్పుడు ఆ కాయితం అత్తయ్యగారు పట్టుకునేవారు. నాతోపాటు పుష్పమ్మ కూర్చునేది. మా వీధిలోనే ఉంటుంది, మొగుడు పోయినావిడ, కూలికి వచ్చేది. ఎవరైనా వ్యాపారస్తులు వచ్చి "మీకు పనివాళ్ళెంతమందండీ?" అని అడిగితే మా ఆయన పుష్పమ్మని చూపించేవారు. "మరి ఈవిడ?" అంటే "మా ఇంటావిడండీ" అనేవారు. అబద్ధమేం కాదు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా, నా చేతిలో ఉన్న కత్తి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలేది.

నేను చెప్పేది పందొమ్మిదివందల ముప్ఫైనాలుగో సంవత్సరం సంగతి. అప్పటికి లండన్ నుంచి వచ్చే ఆర్డర్లు సన్నగిల్లిపోయాయి. ఒకప్పుడు పది మగ్గాలు ఆడిన ఇళ్ళలో రెండేసి కూడా ఆడడం లేదు. కొందరు మగ్గాలు విప్పి కర్ర అమ్ముకున్నారు. అలాంటి రోజుల్లో దివాణం నుంచి మాకు కబురొచ్చింది. చినరాజుగారి పెళ్ళి వైశాఖంలో. దర్బారు హాల్లోకి పెద్ద తివాచీ కావాలి. నడుమ సంస్థానం గుర్తు, రెండు సింహాలు ఎదురెదురుగా నిలబడి ఉండాలి. దివాణం మేనేజరు ప్రసాదరావుగారు స్వయంగా వచ్చి నమూనా ఇచ్చి వెళ్ళారు. ఆ రోజు మా ఆయన ఎంత పొంగిపోయారంటే, నన్ను చూసి కూడా నవ్వారు. "రాజాశ్రయం దొరికిందే నాంచారూ! ఇంక మనకి ఢోకా లేదు" అన్నారు. నాకప్పుడు నెలలు నిండుతున్నాయి. నిలబడితే నడుము లాగుతోంది, కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. అయినా నేనూ సంతోషించాను. ఇంటికి మంచి జరిగితే నాకూ జరిగినట్టే అనుకునే వయసు.

కార్తీకంలో రామలక్ష్మి పుట్టింది. పురిటిస్నానం అయిన మర్నాడే మగ్గం ముందుకి వచ్చాను. సింహాల జూలు దగ్గర ముళ్ళు మరీ సన్నగా వెయ్యాలి, అవి నా వేళ్ళకే లొంగుతాయని ఆయనకి తెలుసు. పాప మాత్రం ఏడ్చేది. ఆకలేస్తే ఏడిచేది, నూగుకి ఊపిరాడక ఏడిచేది, పక్కన నేను లేనని ఏడిచేది. పక్కగదిలో అది ఏడుస్తుంటే ఇక్కడ నా జాకెట్టు తడిసిపోయేది. రంగులు చెప్పే గొంతు ఆగేది కాదు. ఎరుపు రెండు, నీలం ఒకటి. లేస్తే వరస పోతుంది. లేవకపోతే పాలు కారిపోతూనే ఉంటాయి. ఈ రెంటి మధ్యా నేనెన్నిసార్లు పెదవి కొరుక్కున్నానో పుష్పమ్మకి తెలుసు. నా పక్క ముళ్ళు కూడా తనే వేసి, "పోయి రామ్మా" అని మోచేత్తో పొడిచేది.

ఒకరోజు మా అత్తయ్యగారు పెద్దింటమ్మగారు చిన్న రేకుడబ్బీ తెచ్చి నా ముందు పెట్టారు. అందులో నల్లమందు. "ఆవగింజలో సగం తేనెలో రంగరించి నాకిస్తే చాలే. పొద్దు వాలేదాకా లేవదు. మగ్గాలున్న ఇళ్ళలో అందరూ పెట్టేదే. మీ ఆయన్నీ అలాగే పెంచాను" అన్నారు.

నేను డబ్బీ వెనక్కి నెట్టేశాను. "వద్దండి అత్తయ్యగారూ. ఏడిస్తే ఏడవనివ్వండి. నేనే లేస్తూ ఉంటాను" అన్నాను. ఆ ఇంట్లో నేను వద్దన్న మొదటి మాట అదే అనుకుంటాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అత్తయ్యగారు డబ్బీకి మూత పెట్టేశారు. "నీ ఇష్టం అమ్మా" అని డబ్బీ తీసుకెళ్ళిపోయారు. మా ఆయన వెనకాల నిలబడి అంతా విన్నారు. "ఎరుపు రెండు" అని మళ్ళీ మొదలుపెట్టారు.

మాఘమాసంలో ప్రసాదరావుగారు మళ్ళీ వచ్చారు. ఈసారి కబురు వేరు. చినరాజుగారి వదినగారు, రాణీగారు, తివాచీ చూడ్డానికి వస్తున్నారు. నేత పని స్వయంగా చూడాలని వారికి సరదాగా ఉందట. వారిది ఘోషా కాబట్టి మగవాళ్ళెవరూ ఉండకూడదు, ఆడవాళ్ళే మగ్గం ముందు కూర్చుని పని చేస్తుండాలి. "మనసుకి నచ్చిందంటే వారి పుట్టింటివారికి కూడా ఇక్కడే చేయిస్తారు సూర్రావూ. ఏ లోటూ రాకుండా చూసుకో" అని చెప్పి వెళ్ళారు. ఆ మాట దగ్గర్నుంచీ మా ఆయనకి నిద్ర లేదు. గోడలకి సున్నం వేయించారు. నాకూ పుష్పమ్మకీ కొత్తచీరలు తెచ్చారు. మగ్గం పక్కనుండే పాప ఉయ్యాలని వెనక పెరటిగదిలోకి మార్పించారు. "ఆ కాసేపూ పిల్ల ఏడవకూడదు. వారి ముందు లేచి వెళ్ళావంటే నా తల తీసేసినట్టే" అన్నారు. "పాలు పట్టి పడుకోబెడతానండీ, ఆ కాసేపటికి లేవదు" అన్నాను. ఆయన తల ఊపారు.

రాణీగారు వచ్చిన రోజు పొద్దున్న పాపకి కడుపునిండా పాలిచ్చాను. అది నిద్రపోకుండా నా మొహంకేసి చూసి బోసినవ్వులు నవ్వింది. పడుకునేదాకా జోకొడదామనుకున్నాను. ఈలోగా వీధిలో మోటారుకారు చప్పుడైంది. "నువ్వెళ్ళు, నేను పడుకోబెడతాను" అని అత్తయ్యగారు పిల్లని అందుకున్నారు. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి పలక మీద కూర్చున్నాను.

కారు నుంచి గుమ్మందాకా రెండువైపులా దుప్పట్లు తెరలుగా పట్టుకున్నారు. మగవాళ్ళంతా వీధిలోకి వెళ్ళిపోయారు. రాణీగారు లోపలికి వచ్చారు. నా వయసే ఉంటుంది, మహా అయితే ఓ రెండేళ్ళు పెద్ద. ఒంటినిండా నగలు, మొహంలో ఏదో బడలిక. ఆవిడ కోసం పరిచిన కొత్త ఆసనం తివాచీ మీద కూర్చున్నారు. వెనక ఒక దాసీ విసురుతోంది. కాసేపటికి అత్తయ్యగారు వచ్చి, కాయితం పట్టుకుని, రంగులు చెప్పడం మొదలుపెట్టారు. మేం ముళ్ళు వేస్తున్నాం. గదిలో కత్తుల చప్పుడు, అత్తయ్యగారి గొంతు, విసనకర్ర గాలి. ఇంకేమీ లేవు.

ఆ ఇంకేమీ లేకపోవడమే నన్ను పట్టుకుంది. నా చెవులు పెరట్లోకి వెళ్ళిపోయాయి. పడుకునే ముందు పాప ఎప్పుడూ కాసేపు గునుస్తుంది. ఇవాళ అదీ లేదు. నా జాకెట్టు తడుస్తోంది. అది లేచి పాలకోసం ఏడవాల్సిన వేళ అయిందని ఒళ్ళు చెబుతోంది. అయినా చప్పుడు లేదు. మంచిదేగా, పడుకుంది, అని నాకు నేను చెప్పుకున్నాను. ఎరుపు రెండు. కాదు, అంత నవ్వుతున్న పిల్ల అంతలోనే ఎలా పడుకుంది? నీలం ఒకటి. అత్తయ్యగారు నా వైపు చూడటం లేదేం? ఎప్పుడూ నా వేళ్ళకేసే చూస్తూ చెప్పే మనిషి కాయితంలోంచి తల ఎత్తడం లేదు. నా వేలు తెగింది. రక్తం పసుపుపచ్చ ఉన్నికి అంటింది.

అప్పుడు రాణీగారు మాట్లాడారు. "ఇంట్లో పసిబిడ్డ ఉందని చెప్పారే. సవ్వడే లేదేం?"

"మహా బుద్ధిమంతురాలండి రాణీగారూ" అన్నారు అత్తయ్యగారు. "తమరు వచ్చారని తెలిసి, కిక్కురుమనకుండా పడుకుంది."

ఆ గొంతు వణికింది. ఇంకెవరూ వినుండరు. ఆ గొంతు చెప్పే రంగులు విని బతికిన నేను విన్నాను.

పలక మీంచి దూకేశాను. రాణీగారు కూర్చున్న తివాచీ అంచు తొక్కుకుంటూ వెళ్ళాను. "నాంచారూ!" అని అత్తయ్యగారు కేకేశారు. ఆగలేదు. పెరటిగదిలో ఉయ్యాల కదలకుండా వేలాడుతోంది. పిల్లని ఎత్తితే తల వెనక్కి వాలిపోయింది. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఊపిరి ఉందా అని చెవి పెట్టాను. ఒకటి వచ్చింది. తరవాతది ఎంతకీ రాలేదు. నా ప్రాణం పోయిందనుకున్నాక వచ్చింది.

దాన్ని గుండెకి కరుచుకుని మళ్ళీ మగ్గం గదిలోంచే పరిగెత్తాను. వీధిలోకి అదే దారి. రాణీగారు లేచి నిలబడ్డారు. "ఏమైంది?" అన్నారు.

"ఏం లేదండి, నిద్ర... నిద్రమత్తు" అన్నారు అత్తయ్యగారు.

ఒక్క క్షణం. సున్నం వేసిన ఆ గోడలు, పుష్పమ్మ కొత్తచీర, సగం జూలుతో నిలబడ్డ సింహం, వీధిలో చేతులు కట్టుకుని నిలబడి ఉండే మా ఆయన, అన్నీ కళ్ళముందు తిరిగాయి. నేను నోరు తెరిస్తే ఈ ఇంటి పరువు ఈ గుమ్మంలోనే పోతుందని తెలుసు. తెరిచాను.

"నల్లమందు పెట్టారండి. తమరు వచ్చినప్పుడు ఏడవకుండా ఉండాలని నా పిల్లకి నల్లమందు పెట్టారు."

రాణీగారు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "కారులో తీసుకెళ్ళమని చెప్పు" అన్నారు దాసీతో. తెర అవతల్నుంచి ప్రసాదరావుగారు "అది రాణీగారి ఘోషా కారండి, వేరేవాళ్ళని ఎక్కిస్తే..." అంటున్నారు. నేను ఆగలేదు. దుప్పటితెర తోసుకుని వీధిలో పడ్డాను. పుష్పమ్మ నా వెనకే వచ్చి, పరిగెత్తి జట్కా ఆపింది. మేము మలుపు తిరిగేసరికి కూడా ఆ కారు సంగతి ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

మిషను ఆసుపత్రిలో లిడియా అని ఒక నర్సమ్మ ఉండేది. పిల్ల కనురెప్ప ఎత్తి చూడగానే "నల్లమందేనా?" అంది. ఔనన్నాను. డాక్టరమ్మ వచ్చి ఇంజక్షన్ ఇచ్చింది. లిడియా పిల్ల అరికాళ్ళ మీద వేళ్ళతో కొడుతూ, నోట్లో ఏదో కషాయం చుక్కలు చుక్కలుగా వేస్తూ, "పడుకోనివ్వకూడదమ్మా. ఊపిరి మరిచిపోతుంది. ఏడిపించు. ఎలాగైనా ఏడిపించు" అంది.

ఇన్ని నెలలూ నా చుట్టూ ఉన్నవాళ్ళందరూ నా పిల్ల ఏడవకూడదన్నారు. ఇప్పుడు నేను దాన్ని ఏడిపించాలి. అరికాళ్ళు గిల్లాను. తొడలు గిల్లాను. నా గోళ్ళ గుర్తులు ఎర్రగా పడుతున్నాయి, అది మాత్రం మూలిగి మళ్ళీ వాలిపోతోంది. ఏడవవే తల్లీ, ఏడు, ఇల్లెగిరిపోయేలా ఏడు అంటున్నాను. చెంపల మీద కొట్టాను. పాలు తాగుతూ నా రొమ్ము మీద చెయ్యేసే పిల్లని కొట్టాను. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం మీదకి వచ్చి, నేల మీదకి జారి, గోడెక్కింది. ఎవరో దీపాలు వెలిగిస్తున్నారు. అప్పుడు పాప మొహం ముడుచుకుంది. నోరు తెరిచింది. కీచుగా, సన్నగా, తెగిపోతున్న పోగులా ఒక ఏడుపు వచ్చింది. లిడియా "దేవుడికి స్తోత్రం" అని గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

ఆ ఏడుపు విని, వరండాలో ఉన్న మా ఆయన, అత్తయ్యగారు గుమ్మందాకా వచ్చారు. వాళ్ళు ఎప్పుడొచ్చారో నేను చూడలేదు. ఆయన మొహం పాలిపోయి ఉంది. పిల్లని చూసి, తల్లివైపు తిరిగి, తగ్గుగొంతుతో అన్నారు. "ఎంత పెట్టావమ్మా? నేను చెప్పినంతేనా?"

అది నాకు వినిపిస్తుందని ఆయన అనుకోలేదు.

ఆయన మందులవాళ్ళ దగ్గరికి వెళ్ళాక అత్తయ్యగారు నా మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. ఆవిణ్ణి ఏమైనా అనేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ నాకంటే ముందే మాట్లాడారు. పాపకేసి చూడకుండా, తన అరచేతుల్లోకి చూసుకుంటూ.

"దర్బారు హాల్లో ఇప్పుడున్న తివాచీ నేను నేసిందే. పెద్దరాజుగారికి. మీ మామగారికి అప్పుడు శాలువా కప్పారు."

నేను పాప అరికాలు రుద్దుతూనే ఉన్నాను.

"సూర్రావు కంటే ముందు నాకు ఇద్దరు పుట్టారు. మగపిల్లాడొకడు, ఆడపిల్లొకతి. ఆ తివాచీ మగ్గం మీద ఉండగానే ఒకరి తరవాత ఒకరు అలా పడుకునే పోయారు. చప్పుడు లేదేంటా అని నాకూ అనిపించింది నాంచారూ, రెండుసార్లూ అనిపించింది. వరస పూర్తయ్యాక చూద్దామనుకున్నాను." కొంగుతో మొహం తుడుచుకున్నారు. "నువ్వు లేచావు."

ఆవిడ చేసింది నేను క్షమించానో లేదో ఇప్పటికీ చెప్పలేను. కానీ ఆ సాయంత్రం ఆవిడ చేతులు మొదటిసారి చూశాను. నాలాగే, చూపుడువేలు పక్కన కత్తి రాసుకుని కాయ కాసిన చోటు.

పాపతో ఇంటికి వచ్చిన వారానికి ప్రసాదరావుగారు వచ్చారు. మా ఆయన ఎదురెళ్ళి వంగి వంగి దణ్ణాలు పెట్టారు. "రాణీగారు పిల్ల బతికిందో లేదో కనుక్కు రమ్మన్నారు" అన్నారాయన. "తమ దయ వల్ల బాగానే ఉందండి" అన్నారు మా ఆయన. "సరే, జరిగిందేదో జరిగింది. పెళ్ళి దగ్గరపడుతోంది. మరి పనెప్పుడు మొదలెడతారు?" "రేపేనండి! రేపు పొద్దున్నే మగ్గం ఆడుతుంది. సింహాలు పూర్తయితే ఇక అంచులేగా, ఎంతలో అవుతుందండి!"

నేను పాపని ఎత్తుకుని తలుపు వెనక ఉన్నాను. మా ఇంట్లో ఆడవాళ్ళు దివాణం మనుషులతో మాట్లాడరు. ఏదైనా చెప్పాలంటే తలుపు చప్పుడు చేస్తే, ఆయన లోపలికొచ్చి విని, వెళ్ళి తన మాటగా చెబుతారు. నేను తలుపు చప్పుడు చెయ్యలేదు. తలుపు తీసుకుని బయటికి వచ్చి నిలబడ్డాను.

"నమస్కారమండి. ఆ సింహాలు నేస్తున్నది నేనేనండి. పాప లేచి నడిచేదాకా నేను పెద్దమగ్గం ముందు కూర్చోను. రాణీగారికి ఈ మాట నేను చెప్పానని చెప్పండి."

ప్రసాదరావుగారు నన్ను కాకుండా మా ఆయన్ని చూశారు. "ఏంటి సూర్రావూ ఇది?"

"లోపలికి వెళ్ళు" అన్నారు మా ఆయన. పళ్ళ సందునుంచి వచ్చిందా మాట.

"వెళతానండి. మగ్గం గదిలోకి మాత్రం కాదు."

"అమ్మా, చూశావా దీని వరస! నువ్వైనా చెప్పు" అని ఆయన అరిచారు.

అత్తయ్యగారు అరుగు మీద ఉన్ని విడదీస్తున్నారు. చేతిలో పని ఆపకుండానే అన్నారు. "తల్లి కదరా. దాన్నే చెప్పుకోనీ."

తరవాత జరిగింది చెప్పుకోవడానికి గొప్పగా ఏమీ లేదు. మా ఆయన పుష్పమ్మ పక్కన తనే కూర్చుని సింహాల పని పూర్తి చెయ్యబోయారు. ఆయన రంగులు చెప్పిన మనిషే గాని ముళ్ళు వేసిన మనిషి కాదు. రెండో సింహం మొహం వాచినట్టు తయారైంది. విప్పి మళ్ళీ వేశారు. వైశాఖం వచ్చేసింది. దివాణం వాళ్ళు మద్రాసు నుంచి మిల్లు తివాచీ తెప్పించి పెళ్ళి చేసుకున్నారు. మా మగ్గం మీదున్న దాన్ని మా ఆయన కోసి, సింహాలు తీసేసి, రెండు ముక్కలుగా ఎవరో ఏజెంటుకి ఇచ్చేశారు. ఆయన నాతో ఆ ఎండాకాలమంతా మాట్లాడలేదు. మాట్లాడాల్సి వస్తే గోడతో చెప్పేవారు. అన్నం పెడితే తిని లేచేవారు. ఆ మౌనంలో నాకు భయం వేసిన రోజులున్నాయి. రాత్రి పడుకుంటే, నేను చేసింది పిల్ల కోసమా, నా పంతం కోసమా అని నన్ను నేనే గుచ్చి గుచ్చి అడిగిన రోజులూ ఉన్నాయి. పొద్దున్న పాప లేచి ఏడిచేది. లేచి వెళ్ళి ఎత్తుకునేదాన్ని. ఆ ప్రశ్న అక్కడితో సరిపోయేది.

పాప అడుగులు వేశాక, చెప్పినట్టే, మగ్గం ముందుకి వచ్చాను. ఇప్పుడు మావి చిన్నచిన్న ఆసనాలు, మంచం పక్కన పరుచుకునే ముక్కలు. అత్తయ్యగారు రంగులు చెబుతారు. పాప మగ్గం చుట్టూ తిరుగుతుంది, పడుతుంది, గుక్కపెట్టి ఏడుస్తుంది. ఎవరం దగ్గరుంటే వాళ్ళం లేస్తాం. వరస ఆగుతుంది, మళ్ళీ సాగుతుంది.

మొన్న తాడేపల్లిగూడెం నుంచి ఒక బియ్యం వ్యాపారి తివాచీ కొనుక్కోవడానికి వచ్చాడు. మా ఆయన అరుగు మీద కూర్చోబెట్టి, పెద్దరాజుగారు శాలువా కప్పిన సంగతి, రాణీగారు మా గుమ్మంలోకి నడిచొచ్చిన సంగతి చెప్పారు. ఆఖర్న నిట్టూర్చి, నాకు వినబడేలా గొంతు పెంచి అన్నారు. "అంత రాజాశ్రయం ఉండేదండి మాకు. అంతా ఈవిడ వల్ల పోయింది."

నేను చేతిలో ముడి బిగించి, పోగు కోసి, తల ఎత్తి ఆయన్ని చూశాను.

"పోయింది మీకండీ" అన్నాను. "నాకెప్పుడు ఉంది?"